అళగర్‌సామి తిప్పిన మర

కోవిల్‌పట్టి చుట్టుపక్కల ఏ ఊళ్లో పెళ్లి జరిగినా ఒక ఎద్దుబండి వచ్చేది. బండిలో గడ్డి, గడ్డి మీద దుప్పటి, దుప్పటి మీద పాటపెట్టె. దాని బూరను పసిబిడ్డలా ఒళ్లో పడుకోబెట్టుకుని ఒక మనిషి కూర్చుని ఉండేవాడు. పేరు అళగర్‌సామి. మాట తక్కువ, ఆ ఉన్న కాస్త మాటా బొంగురు. పెళ్లివాళ్లు ఏ ప్లేటు అడిగితే ఆ ప్లేటు వేసేవాడు. ఒక్క ప్లేటు మాత్రం ఎవరూ అడక్కపోయినా వేసేవాడు. అది అతను ఈ లోకంలో అందరికంటే ఎక్కువగా ద్వేషించిన మనిషి పాడిన పాట.

ఇదేం చోద్యం అనుకోకండి. అందులో చోద్యం ఏమీ లేదు, పగ ఉంది. అది మొదలైంది అంతకు పదకొండేళ్ల ముందు, విరుదునగర్‌లో. ముసలివాళ్లు ఆ ఊరిని ఇంకా విరుదుపట్టి అనే అంటుండిన రోజులవి.

అళగర్‌సామి వాళ్లది నల్లరేగడిలో పత్తీ సజ్జా పండించుకునే తెలుగు ఇల్లు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి వెంకటమ్మాళ్ తెల్లారకముందే లేచి తిరగలి ముందు కూర్చుని సజ్జలు విసురుతూ పాడేది. పెద్ద గొంతేమీ కాదు. కానీ ఆ పాటలో ఒక ఆగడం ఉండేది. కుడిచెయ్యి నొప్పిపుట్టి పిడిని ఎడమచేతికి మార్చుకునేటప్పుడు రాయి తిరుగుతూనే ఉండేది, పాట మాత్రం ఒక్క గుక్క ఆగేది. ఆగి, తర్వాతి మాట కాస్త ఆలస్యంగా, కిందినుంచి ఎత్తుకున్నట్టు వచ్చేది. రోజూ నిద్రలో అది వింటూ పెరిగినవాడికి పాటంటేనే అలా ఆగి రావాలని మనసులో పడిపోయింది.

పదహారో ఏట పొలం వదిలేసి నాటకాల వెంట పోయాడు. ఆ కాలపు నాటకాలకు ముందుగా కూడి సాధన చేయడమనేది లేదు. రాజు వేషగాడిని ఒక ఊరినుంచి, రాణిని ఇంకో ఊరినుంచి, హార్మోనియం వాయించేవాడిని మరో ఊరినుంచి పిలిపించేవాళ్లు. అందరూ రైలు దిగి కొట్టకంలో, అంటే ఆ నాటకాల పందిట్లోనే, మొదటిసారి మొహాలు చూసుకునేవాళ్లు. ఎవడి పాట వాడిది, ఎవడి గొంతు బలం వాడిది. మైకుల్లేవు, వెనక వరసలో కూర్చున్న పత్తి బండివాడికి కూడా వినపడాలి. అందుకని గొంతు ఎంత ఎత్తున పలికితే అంత గొప్ప. హార్మోనియం మెట్లను లెక్కపెట్టి ఫలానావాడు మూడు కట్టల గొంతు, ఫలానావాడు నాలుగు కట్టల గొంతు అని, ఎద్దుల పళ్లు చూసి చెప్పినట్టు చెప్పేవాళ్లు.

అప్పట్లో జనం పడిచచ్చే పాట ఒకటుండేది. దేశం పోగొట్టుకున్న రాజు పన్నెండేళ్ల తర్వాత బిచ్చగాడి బట్టల్లో తన ఇంటికి వస్తాడు. తల్లి గుర్తుపట్టక తలుపు మూసేస్తుంది. మూసిన తలుపు ముందు నిలబడి ఆ కొడుకు పాడేదే వాకిటి పాట. నాటకంలో మిగతాదంతా ఎలా నడిచినా సరే, రాజు వేషగాడి బతుకు ఆ పాటతో తేలిపోయేది.

ఆ పాటకు మారుపేరు శంకరలింగం. విళాత్తికుళం వైపు మనిషి, ఇతనూ తెలుగింటివాడే. నిలువెత్తు విగ్రహం, గుండ్రటి కంఠం. అతను తలుపు ముందు నిలబడి పాడితే రాజు ఆజ్ఞ ఇస్తున్నట్టుండేది. సంగతుల మీద సంగతులు దొర్లించి, చివరి మెట్టు మీద నిలబడి ఉరిమేవాడు. తలుపే కాదు, గోడ కూడా కూలాలన్నంత జోరు. జనం ఈలలు వేసేవాళ్లు.

అళగర్‌సామి వచ్చాక అదే పాట ఇంకోలా మారిపోయింది. ఇతను రాజునన్న సంగతే మరిచిపోయి పాడేవాడు. మొదటి రెండు వరుసలు మామూలు మాటలా, కూడు అడిగే పిల్లవాడిలా. మూడో వరుసలో 'అమ్మా' అన్న మాట ముందు తిరగలి దగ్గర నేర్చిన ఆ ఆగడం. కొట్టకమంతా ఊపిరి బిగబట్టేది. అప్పుడు కిందినుంచి లేచి చివరి మెట్టు మీదికి ఎక్కేవాడు. ఈలలు ఉండవు. ముందు వరసలో ముక్కులు చీదుకునే చప్పుడు వినపడేది.

ఊరు రెండుగా చీలింది. విరుదునగర్ బజారులో మిరపకాయల మూటల మీద కూర్చుని జనం పొద్దస్తమానం దీని గురించే కొట్టుకునేవాళ్లు. శంకరలింగం పాడితే రాజు కనపడతాడని ఒకడు, రాజు ఎవడిక్కావాలి, కొడుకు కనపడాలి అని ఇంకొకడు. చివరికి కొట్టకం పెట్టించే పెద్దలు తెలివిగా ఒక ఏర్పాటు చేశారు. ఒకే నాటకంలో ఇద్దరూ రాజు వేషం వేయాలి, ఇద్దరూ వాకిటి పాట పాడాలి. ఎవరిది మేలో జనమే తేల్చాలి.

హార్మోనియం పొన్నయ్యది. ముందు శంకరలింగం పాడాడు, ఈలలు వచ్చాయి. తర్వాత అళగర్‌సామి తెర వెనకనుంచే పల్లవి ఎత్తుకుని రంగం మీదికి రావాలి. పొన్నయ్య శ్రుతి ఇచ్చాడు, ఇతను అందుకున్నాడు. రెండో వరుసకు వచ్చేసరికి ఏదో బిగుసుకుంటున్నట్టు అనిపించింది. ఇతనిది నాలుగు కట్టల గొంతు. పొన్నయ్య వేళ్లు ఐదో కట్ట మీద ఉన్నాయి.

ఆ కొట్టకాల్లో ఒక కట్టుబాటు ఉండేది. పాట ఎత్తుకున్నాక శ్రుతి దించమని అడిగినవాడు ఓడినట్టే. అడిగితే పరువు పోతుంది, అడక్కపోతే గొంతు పోతుంది. ఇరవై రెండేళ్లవాడు ఏది ఎంచుకుంటాడు? పాడాడు. చివరి మెట్టు మీద గొంతు చింకిగుడ్డలా చీలింది. ఒక్క క్షణం నిశ్శబ్దం, తర్వాత నవ్వులు, ఆ తర్వాత అరటిపళ్ల తొక్కలు. నోట్లో ఉప్పగా తగిలింది. ఉమ్మితే నెత్తురు.

మర్నాడు రైలు స్టేషన్లో పొన్నయ్య తలెత్తకుండా వచ్చి నిలబడ్డాడు.

"నేనే ఎక్కించినాను తంబీ. శంకరలింగమన్న సెప్పినాడు. వద్దంటే ఇంగ ఏ నాటకానికీ నన్ను పిలవనియ్యడు."

అళగర్‌సామి నోరు తెరిచాడు. అనడానికి గొంతు లేదు. మూడు నెలలు మాటే రాలేదు, వచ్చాక పాట రాలేదు. ఆ మూడు నెలలూ తల్లి తిరగలి ముందు కూర్చుంటే ఇతను లేచి పొలానికి పోయేవాడు. ఆమెకూ అర్థమై విసురుతూ పాడడం మానేసింది. ఆ ఇంట్లో మళ్లీ పాట వినపడలేదు.

చంపుదామనుకోలేదు. అంత చవకగా వదిలేయడం ఇష్టం లేదు. అతనికి కావలసింది ఒక్కటే. శంకరలింగం గొంతు కూడా అదే పాటలో, అదే మెట్టు మీద, అంతమంది ముందు చీలాలి. అన్నం తినేటప్పుడు, ఎద్దులకు నీళ్లు పెట్టేటప్పుడు కూడా ఆ ఒక్క చప్పుడే ఊహించుకునేవాడు. ఎలా జరుగుతుందో తెలియదు, జరగాలని మాత్రం తెలుసు.

ఈలోగా పొట్ట గడవాలి కదా. విరుదునగర్‌లో ఒక వ్యాపారి ఇంట్లో స్ప్రింగు తెగి మూలపడ్డ పాటపెట్టె చూసి, విప్పి, బిగించి పాడించాడు. పాడలేనివాడి చేతులకు ఆ విద్య పట్టుబడింది. కొన్నాళ్లకు ఆ పెట్టె అతనిదే అయింది. పెళ్లిళ్లకు తిప్పాడు. విరుదునగర్‌నుంచి కోవిల్‌పట్టిదాకా ఎవరి పెట్టె మొరాయించినా అళగర్‌సామి దగ్గరికే పంపేవాళ్లు.

అలా ఆరేళ్లు గడిచాక శంకరలింగం చెన్నపట్నం పోయి వాకిటి పాటను ప్లేటుకు పాడి వచ్చాడు. బజారులో ప్లేట్లు అమ్మే కొట్టు ముందు జనం మూగారు. అళగర్‌సామి కూడా వెళ్లాడు, పళ్లు నూరుకుంటూ. మొదటి వరుస వినగానే అతని మొహం మారిపోయింది. రెండున్నర కట్ట. జనం లేని గదిలో, ఎవరి మీదా అరవనక్కర్లేక, పెద్దమనిషి హాయిగా కింది శ్రుతిలో పాడుకుని వచ్చేశాడు. వయసు కూడా మీద పడింది. శంకరలింగానికి పై మెట్టు ఇక అందడం లేదని అళగర్‌సామికి ఒక్క వరుసతో తెలిసిపోయింది. రెండో వరుస వినకుండానే ఒక ప్లేటు తీసుకుని, తను పెట్టెలు బాగుచేసే పాకకు వచ్చేశాడు.

పాటపెట్టెలో పళ్లెం పక్కన ఒక చిన్న మర ఉంటుంది. అది ఇటు తిప్పితే పళ్లెం నెమ్మదిగా తిరుగుతుంది, అటు తిప్పితే వేగంగా. వేగం పెరిగితే పాట ఉరకడమే కాదు, శ్రుతీ పైకి పోతుంది. ఆ ప్లేటు మొదటి వరుసనే మళ్లీ మళ్లీ వేసి, హార్మోనియం మెట్టుతో పోల్చుకుంటూ అళగర్‌సామి మర తిప్పుతూ పోయాడు. మూడు, నాలుగు, నాలుగున్నర. అక్కడ ఆపి ఒక గీత గీసుకున్నాడు.

ఆ వారమే ఒక పెళ్లిలో వేశాడు. జనం నోళ్లు తెరిచారు. ఈ వయసులో నాలుగున్నర కట్టా? అంత ఎత్తున అంత చులాగ్గానా? అని. అళగర్‌సామి తల ఊపి, "మనిసి కాదు, దేవుడు" అన్నాడు. తన నోటితోనే అన్నాడు. ఐదేళ్లపాటు, పెళ్లి తర్వాత పెళ్లిలో, అంటూనే పోయాడు.

అంతటితో ఆగితే అతను అళగర్‌సామి ఎందుకవుతాడు? మరమ్మతుకు వచ్చిన ప్రతి పెట్టెనూ మర అదే గీతకు జరిపి తిరిగి పంపేవాడు. మిగతా ప్లేట్లూ ఉరుకులు పెడుతున్నాయని ఎవరైనా అంటే, కొత్త స్ప్రింగు కదా, అలాగే ఉంటుంది అనేవాడు. కాఫీ క్లబ్బుల్లో, పత్తి గిడ్డంగుల్లో, మిల్లు కూలీల వీధుల్లో శంకరలింగం నాలుగున్నర కట్టలో పాడుతూనే ఉన్నాడు. కొత్తగా వచ్చిన ఏ గాయకుడు వాకిటి పాట పాడినా జనం ప్లేటుతో పోల్చి పెదవి విరిచేవాళ్లు. మీ గొంతు బాగానే ఉంది గానీ ప్లేటులో ఆ ఎత్తేదీ, అనేవాళ్లు. పాడి పాడి ఇంటికిపోయిన కుర్రగాయకుల ఉసురు కూడా ఈ కథలో ఉంది. ఆ సంగతి అళగర్‌సామికి తట్టలేదు.

శంకరలింగానికి ఇదంతా చేరకపోతుందా? చేరింది. కాదనలేదు. పొగడ్త చేదుగా ఉంటుందా ఎవరికైనా? రంగం మీద మాత్రం ఆ పాట మళ్లీ ఎత్తుకోలేదు. జనం అడిగితే, ప్లేటులో ఉంది కదా, వినండి అని నవ్వేసేవాడు.

ఐదో ఏట కోవిల్‌పట్టిలో తిరుపతిసామి కూతురి పెళ్లి వచ్చింది. నాలుగూళ్ల పత్తిపొలాలున్న ఆసామి. మూడోరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక శంకరలింగం పాట కచేరి, పాటపెట్టె అళగర్‌సామిది. అతను పందిరి కింద ఆసామి పక్కకు చేరి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఒగ ఆశ మామా. ప్లేటూ ఆ మనిసీ పక్కపక్కన పాడితే యెట్ల ఉంటాదో వినాలని. ఇంతవరకు ఎవురూ వినలే."

తిరుపతిసామి మొహం వెలిగిపోయింది. "నా ఇంటి పెండ్లిలోనే మొదలా? బాగుండాది అబ్బాయి. ముందు ప్లేటు వెయ్యి. ఆయన అదే శ్రుతిలో అందుకుంటాడు."

శంకరలింగం వచ్చి కూర్చున్నాడు. హార్మోనియం ముందు పొన్నయ్య, వయసు మళ్లి, కళ్లద్దాలతో. ఆసామి లేచి కోరిక చెప్పాడు. పందిరంతా చప్పట్లు. కాదనడానికి సందు లేదు. అళగర్‌సామి చావి తిప్పి ముల్లు దించాడు. నాలుగున్నర కట్టలో పాట లేచింది. పొన్నయ్య వేళ్లు వెతికి ఆ మెట్టు పట్టుకున్నాయి. పట్టుకున్నాక పొన్నయ్య ఉలిక్కిపడి పెట్టెవైపు చూశాడు, తర్వాత పెట్టె పక్కన మనిషివైపు చూశాడు. ఏమీ అనలేదు. పదకొండేళ్ల కిందట కూడా అతను ఏమీ అనలేదు మరి.

శంకరలింగం కూడా చూశాడు. శ్రుతి దించమంటే ప్లేటు అబద్ధమని తానే ఒప్పుకున్నట్టు. ఐదేళ్ల కీర్తి అబద్ధమని ఒప్పుకున్నట్టు. ఒక గుక్క మంచినీళ్లు తాగి పాట ఎత్తుకున్నాడు. పల్లవి ఎలాగో గడిచింది. మెడ నరాలు ఉబ్బాయి. అళగర్‌సామి కన్నార్పకుండా ఆ నరాల్నే చూస్తూ కూర్చున్నాడు. చివరి మెట్టు వచ్చింది. చీలింది.

అతను పదకొండేళ్లుగా ఊహించుకున్న చప్పుడే, ఒక్క వెంట్రుక కూడా తేడా లేదు. ముందు నిశ్శబ్దం, తర్వాత నవ్వులు. ప్లేటులో పాడింది వేరే ఎవడో అని ఒకడు, మోసమని ఇంకొకడు అరిచారు. ఆ వారంలో కోవిల్‌పట్టి కాఫీ క్లబ్బుల్లో వాకిటి పాట ప్లేట్లను నేలకేసి కొట్టారు. విరుదునగర్ కొట్టువాడు మిగిలినవాటిని తిప్పి పంపేశాడు. ఆ మధ్యాహ్నం అళగర్‌సామి కడుపులో ఎంత చల్లగా ఉందంటే, పెళ్లివాళ్లు పెట్టిన పాయసం రెండోసారి అడిగి వేయించుకున్నాడు.

బండి కడుతుండగా శంకరలింగం ఒక్కడే వచ్చాడు. మెడకు తుండుగుడ్డ చుట్టుకుని ఉన్నాడు. మాట గుసగుసలా వస్తోంది.

"మర నీ కయిలో ఉండాదని నాకు శానా దినాలుగా తెలుసు తంబీ."

"తెలిసి నోరు మూసుకోని సుమ్మా ఉంటివా?"

"ఊరంతా నన్ను నాలుగున్నర అనింది. కాదని సెప్పేదానికి నోరు రాలే." బూర అంచును వేలితో తడిమాడు. "ఆ దినం నేను చేసినదానికి ఇది సరిపోయింది. మన్నించమని అడగను. ఒగ పని మాత్రం చెయ్యి. మరను దాని చోటికి తెచ్చి ఆ పాటను కడదాకా విను. నువ్వు ఇంతవరకు విన్లేదు."

విన్లేదట! వెయ్యిసార్లు విన్నవాడికి చెబుతున్నాడు. అళగర్‌సామి నవ్వుకుంటూ ఎద్దులను అదిలించాడు. కానీ దారి పొడుగునా ఆ మాట ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

వరసగా ఉన్న పెళ్లిళ్లు ముగించుకుని వారం తర్వాత ఇంటికి చేరేసరికి ఇంకా పొద్దుంది. తల్లి వాకిట్లో సజ్జలు విసురుతోంది. పెట్టెను తిన్నె మీద పెట్టి, ఐదేళ్ల తర్వాత మొదటిసారి మరను వెనక్కి తిప్పాడు. ఆ ప్లేటును ఆ ఇంట్లో వేయడం కూడా అదే మొదటిసారి. ముల్లు దించాడు.

పాట నెమ్మదిగా వచ్చింది. ఉరుము లేదు, సంగతుల దొర్లింపు లేదు. మొదటి రెండు వరుసలు మామూలు మాటలా, కూడు అడిగే పిల్లవాడిలా. మూడో వరుసలో ఒక ఆగడం. వేగంలో అది ఎక్కిళ్లలా వినపడేది, ముసలివాడికి ఊపిరి చాలడం లేదని ఇన్నాళ్లూ నవ్వుకున్నాడు. ఎత్తు కోసమే విన్న చెవికి ఇంకేమి వినపడుతుంది? ఆగి, 'అమ్మా' అన్న మాట కాస్త ఆలస్యంగా, కిందినుంచి వచ్చింది.

తిరగలి ఆగింది.

"ఎవుర్రా పాడేది?" అంది వెంకటమ్మాళ్.

"శంకరలింగం."

"పోరా. నా తిరగలి వానికెట్ల తెలుసు? అది నువ్వే కదా నైనా."

అళగర్‌సామి ముల్లు పైకెత్తాడు. ఓడించినవాడు ఓడిపోయినవాడి పాటనే మెచ్చి, దాన్నే తీసుకుపోయి ప్లేటులో దాచిపెట్టాడు. దొంగతనమో, ప్రాయశ్చిత్తమో, ఏదైనా కానీ, తన పాట ఈ లోకంలో మిగిలింది అందులోనే. దాన్ని ఊరూరా నేలకేసి కొట్టించింది తనే. అతనికి శంకరలింగం మీద ఇంకా కోపం రావాలి, రాలేదు. వచ్చిన కోపమంతా తన చేతుల మీదికే వచ్చింది.

"మళ్లా పెట్టు. సరిగ్గా వినపళ్లే, ఆ గరగర ఏందో" అంది తల్లి.

గరగర ఏమిటో అతనికి తెలుసు. వేసిన ప్రతిసారీ ఉక్కుముల్లు గాడిని కాస్త తినేస్తుంది. ఐదేళ్లు, పెళ్లి తర్వాత పెళ్లిలో, అడగని చోట కూడా వేశాడు. ప్లేటును వెలుతురుకు ఎత్తి చూశాడు. అంతా బూడిదరంగుకు తిరిగింది. మూడో వరుస దగ్గర గాడి దాదాపు కనపడటం లేదు. ఇంకో పదిసార్లు పలుకుతుందేమో, అంతే.

తల్లి చేతులు ఒళ్లో పెట్టుకుని ఎదురుచూస్తోంది. అళగర్‌సామి కొత్త ముల్లు బిగించి, చావి తిప్పి, ప్లేటు మీదికి దించాడు. ఇక తొమ్మిది.